గోడగోడకీ రంగూన్ పైడమ్మ

మా నాయనమ్మ ఓడ దిగకముందు గుంటూరు మిరపకాయకు కారం ఉండేది కాదు. జనం దాన్ని వంకాయలా గుత్తికూర చేసుకుని తిని, మజ్జిగ కూడా అడగకుండా లేచి చెయ్యి కడుక్కునేవాళ్లు. అరవై అయిదులో పద్నాలుగేళ్ల పైడమ్మ రంగూన్ నుంచి వచ్చి ఈ నల్లరేగడిలో కాలు పెట్టి, ఒక్కసారి నోరు తెరిచింది. ఆ ఏటి నుంచే కాయ ఘాటెక్కింది. నమ్మనివాళ్లు మా పెదరేగడ్ల వచ్చి మాజీ సర్పంచి అంకమ్మరావు గారిని అడగవచ్చు. ఆమె మాట తగిలిన చోట ఆయనకు ఇప్పటికీ మండుతోంది.

పైడమ్మ పెద్దలు విజయనగరం వైపు నుంచి బతకడానికి బర్మా వెళ్లి అక్కడే పాతుకుపోయినవాళ్లు. అక్కడ ప్రభుత్వం మారాక, మీరు తెలుగువాళ్లు, మీ దేశం మీరు పొమ్మన్నారు. ఓడెక్కి ఇక్కడికి వస్తే, రంగూనోళ్లు వచ్చారన్నారు. సర్కారు ఆ కుటుంబాలకు పెదరేగడ్లలో కాలువ అవతల చౌడు నేల చూపించి తలా కాస్త స్థలం ఇచ్చింది. గడ్డి కూడా ఆలోచించుకుని మొలిచే నేల అది. దానికి ఊరు పెట్టిన పేరు రంగూన్ కాలనీ.

ఆమె తండ్రి నూకయ్యకు సేద్యం రాదు. రంగూన్‌లో తెలుగు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చిన చెయ్యి ఆయనది. చిలకలూరిపేటలో ఒక ప్రెస్సులో పని దొరికితే కూతుర్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లేవాడు. సీసపు అక్షరం తిరగబడి ఉంటుంది కాబట్టి పైడమ్మకు నేరుగా చదవడం కన్నా తిరగేసి చదవడమే ముందు వచ్చింది. మనుషుల్ని కూడా ఆమె అలాగే చదువుతుందని మా తాత అనేవాడు.

తాత పేరు యలమంద. అచ్చంగా ఈ ఊరివాడే. గుంటూరు మిర్చి యార్డులో కాటా వేసేవాడు. రంగూన్ పిల్లను చేసుకున్నాడని అయినవాళ్లంతా ఏడాది పాటు ఆయనతో మాట్లాడడం మానేశారు. ఆయన మామూలుగానే ఎవరితోనూ మాట్లాడడు కాబట్టి ఆ సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చిలకలూరిపేట ప్రెస్సు యజమాని కొత్త మిషన్లు కొనుక్కుని, కాలితో తొక్కే పాత ట్రెడిల్‌ను ఇనుప సామాన్లవాడికి వేసేయబోతే, పైడమ్మ ఎడ్లబండి కట్టించుకుని వెళ్లి దాన్ని ఇంటికి తెచ్చుకుంది. కొత్త కోడల్ని తెచ్చినట్టు పసుపు కుంకుమ పెట్టి లోపలికి దించింది. అప్పటి నుంచి చుట్టుపక్కల పెళ్లి శుభలేఖలు, కర్మకాండ కార్డులు, పురుగుమందుల కొట్ల కరపత్రాలు అన్నీ అక్కడే. తొంభై ఏడులో, లద్దెపురుగు పత్తిని ఊడ్చేసిన ఏడాది, ఆమెకు పత్రిక పెట్టాలన్న బుద్ధి పుట్టింది. రైతు బండి కట్టుకుని యార్డు దాకా పోయాక గానీ ఆ రోజు ధర ఏమిటో తెలియదు. కాటా దగ్గరుండే మొగుడి నోట్లో ఆ ధర ఉంటుంది. అదొక్కటి బయటికి రప్పిస్తే చాలు. అలా వారానికొక కాగితం మొదలైంది. పేరు ‘రేగడి వార్త’. ఒక పక్క మండలం కబుర్లు, వెనక పక్క మిర్చి, పత్తి ధరలు.

రెండేళ్లకు ఒక వారం ఘోరం జరిగింది. పాత వారం ధరల అక్షరాలు విడదీయకుండా అలాగే బల్ల మీద ఉండిపోయాయి. వాటినే ఎక్కించి అచ్చు కొట్టేశారు. మర్నాడు పేరయ్య అనే మిర్చి రైతు ఆ ధర నమ్మి గోనె టిక్కీల్లో కుక్కిన కాయంతా లారీకెత్తించి గుంటూరు పోయాడు. అక్కడ ధర పడిపోయి ఉంది. తిరిగొచ్చి సరాసరి ప్రెస్సులోకి దూరాడు.

“ఏమ్మా, కాగితం అమ్ముకుంటున్నావా, మా కొంపలు అమ్ముతున్నావా? నీ పత్రిక పొయ్యిలో పెట్టు. నీ మొగుడు కాటా దగ్గర నిద్రపోతున్నాడా?”

పైడమ్మ స్టూలు జరిపింది. “కూర్చో పేరయ్యా. మెల్లగా చెప్పు. పేర్చుకోవాలి.”

“ఏం పేరుస్తావు?”

“నువ్వు తిట్టేది.”

ఆ వారం ‘రేగడి వార్త’ మొదటి పేజీలో, పెళ్లికూతురు పేరుకు వాడే పెద్దక్షరాల్లో, పేరయ్య తిట్లు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. వాటి కింద ఒక్క ముక్క: ‘పై తిట్లు న్యాయమైనవే. తప్పు మాది.’ పేరయ్య ఆ కాగితం పట్టుకుని తన తిట్లు తానే చదువుకుని సిగ్గుపడ్డాడు. పత్రిక కొనడం మాత్రం మానలేదు. తప్పు ఒప్పుకునే పత్రిక వేసే ధరను నమ్మొచ్చని ఊళ్లో అందరికీ తెలిసిపోయింది.

ఇక నీళ్ల సంగతి. ఊళ్లో వాటర్ ట్యాంకు ఉంది, వీధివీధికీ కుళాయి ఉంది. గొట్టం మాత్రం కాలువ వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. కాలనీ బోరునీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వంతెన దాటి వెళ్లి, ఊరివాళ్లందరి బిందెలూ నిండేదాకా నిలబడాలి. అప్పటి సర్పంచి అంకమ్మరావు. పైడమ్మ ఆయన దగ్గరికి వెళ్లి అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

“మీరు నిన్న మొన్న వచ్చినోళ్లు. ముందు ఊరోళ్లకి సరిపోనీ.”

“నిన్న మొన్న కాదండి. ముప్ఫై ఆరేళ్లయింది.”

“ఎన్నేళ్లయితే మాత్రం, రంగూన్ రంగూనేగా.”

రెండు వేల ఒకటిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు. అంకమ్మరావు ఏమాత్రం కంగారు పడకుండా భార్య సుబ్బరావమ్మ చేత నామినేషన్ వేయించాడు. ఆ సాయంత్రం పైడమ్మ చేతులకు అంటిన సిరా కిరసనాయిలుతో తుడుచుకుంటూ మొగుడితో అంది.

“నేను కూడా వేస్తున్నా.”

“ఏంటి?”

“నామినేషన్. నీళ్లు అడిగీ అడిగీ నోరు పోతంది. ఇచ్చే కుర్చీలో నేనే కూర్చుంటే అడిగే పనే ఉండదు.”

యలమంద వేళ్లు మడిచి లెక్క వేశాడు. “కాలనీ ఓట్లు చాలవే.”

“తెలుసు. ఊరు వెయ్యాలి.”

అదీ ఇబ్బంది. ఊరు ఆమెను తన మనిషి అనుకుంటేనే వేస్తుంది. ఓడిపోతే గొట్టం వంతెన దగ్గరే తుప్పు పడుతుందని, రంగూనోళ్లు అనే మాట మనవల దాకా అతుక్కునే ఉంటుందని పైడమ్మకు బాగా తెలుసు.

గుర్తులు వచ్చాయి. సుబ్బరావమ్మకు ఉంగరం, పైడమ్మకు బుట్ట. పోలింగ్ దగ్గరపడింది. చిలకలూరిపేట ప్రెస్సుల ముందు అన్ని ఊళ్ల అభ్యర్థులూ బారులు తీరి ఉన్నారు. అంకమ్మరావు తెల్లపంచె సర్దుకుంటూ వంతెన దాటి పైడమ్మ ప్రెస్సుకే వచ్చాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఆమె ఎలాగూ వేయనంటుంది. అంటే చాలు, ఇంకా సర్పంచి కాకముందే మన పని చేయనంటోంది చూడండని ఊరంతా మైకులో చెప్పుకోవచ్చు.

“పైడమ్మా, పోస్టర్లు వెయ్యాలి.”

“ఎప్పటికి కావాలండి?”

వేయనంటుందని వచ్చిన మనిషి దగ్గర తారీఖు సిద్ధంగా లేదు. “ఎల్లుండికి. ముందు మేటరు చదువు. ఆనక మాట్లాడు.”

పైడమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది. ‘పరాయి మనిషికి మన ఊరి పెత్తనమా? అరవై ఏడులో కట్టుబట్టలతో వచ్చి, ఊరి దయతో బతికి, నేడు ఊరినే ఏలతానంటోంది. ఆలోచించండి. మీ ఇంటి ఆడపడుచు సుబ్బరావమ్మ గారి ఉంగరం గుర్తుకే మీ ఓటు.’ యార్డుకు సెలవు కావడంతో ట్రెడిల్ తొక్కుతున్న యలమంద కాలు ఆగిపోయింది.

“ఇందులో రెండు తప్పులున్నయ్యండి,” అంది పైడమ్మ.

“నిజం అట్టాగే ఉంటది. గుచ్చుకుంటది.”

“మేము వచ్చింది అరవై అయిదులో. అరవై ఏడు కాదు. కట్టుబట్టలు కూడా కాదు, మా అమ్మ ఒక కుంపటి, రెండు దుప్పట్లు తెచ్చింది. సరిచేస్తారా, నన్ను చెయ్యమంటారా?”

“మిగతాదంతా ఏం ఫరవాలేదా నీకు?”

“తిట్టు మీది అంకమ్మరావు గారూ. లెక్క నాది. నా మిషన్ మీద తప్పు లెక్క దిగదు.”

అంకమ్మరావు తన వెంట వచ్చినవాళ్ల ముఖాలు చూశాడు. వాళ్లు సీలింగ్ చూస్తున్నారు. చివరికి అరవై అయిదు పడింది, ‘కట్టుబట్టలతో’ పోయి ‘కుంపటితో’ వచ్చింది. ఫోటోల దగ్గర పైడమ్మకు మళ్లీ సందేహం వచ్చింది.

“పోటీ చేసేది ఎవరండి?”

“మా ఆవిడ. తెలీదా?”

“మరి ఈ మీసాలు ఎవరివి?”

“నావి. ఆవిడ ఆ మూలన ఉంది చూడు. అంత చాల్లే, జనం గుర్తుపడతారు.”

ఎల్లుండికి పోస్టర్లు తయారయ్యాయి. సిరా ఎక్కడా పూయలేదు, అక్షరం ఎక్కడా విరగలేదు. యలమంద ఒకటి ఎత్తి పట్టుకుని చూశాడు.

“ఏమే, మనదానికన్నా ఆయనదే బాగొచ్చింది.”

“ఆయన కాగితం మంచిది తెచ్చాడు మరి,” అంది పైడమ్మ.

అంకమ్మరావు కూడా ఒకటి తీసి చూసుకున్నాడు. మీసాలు బాగా పడ్డాయి. అంతకన్నా కిందికి ఆయన చూడలేదు. ఎన్నికల కాగితం ఏదైనా అచ్చు వేసినవాళ్ల పేరు, ఊరు దాని మీద ఉండి తీరాలని చట్టం. పైడమ్మ చట్టం తప్పే మనిషి కాదు. అన్ని పోస్టర్ల అడుగునా, చిన్నక్షరాల్లో, చక్కగా ఉంది: ‘ముద్రణ: పైడమ్మ, రేగడి ప్రెస్, రంగూన్ కాలనీ, పెదరేగడ్ల.’

మర్నాడు పొద్దున సుభానీ టీకొట్టు గోడ ముందు పేరయ్య గ్లాసు పట్టుకుని నిలబడి పోస్టరంతా పైనుంచి కింది దాకా చదివాడు.

“ఒరేయ్ సుభానీ, ఇటు రా. పైన తిట్టింది ఎవర్ని?”

“పైడమ్మ గారిని.”

“అచ్చేసింది ఎవరు?”

సుభానీ వంగి చూశాడు. చూసి టీ గిన్నె పొయ్యి మీద పొంగుతున్నా పట్టించుకోలేదు. “ఓరి నీ... ఆమెను తిట్టే కాగితం ఆమె దగ్గరే వేయించాడా ఈయన?”

“వేయించినాయన సంగతి సరే. వేసినామె సంగతి చూడు. ఒక్క అక్షరం వంకర లేదు.”

మధ్యాహ్నానికి ఆ వార్త పత్తి చేలలో కలుపు తీసేవాళ్ల దాకా పోయింది. ఎవరు కనిపించినా ‘కుంపటి ఎట్టా ఉంది అంకమ్మరావు గారూ’ అని పలకరించడం మొదలుపెట్టారు. ఆయనకు ఒళ్లు మండి, మనుషుల్ని పంపి ప్రతి పోస్టరు మీదా ఆ కింది వరుసను పేడతో అలికించాడు. దాంతో అప్పటిదాకా చదవనివాళ్లు కూడా, ఆ పేడ వెనక ఏముందని అడగడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే ఎన్నికల అధికారి జీపులో వచ్చాడు. టీ తాగడానికి ఆగి, గోడ వైపు చూసి దగ్గరికి వెళ్లాడు. అంకమ్మరావుకు కబురు పంపాడు.

“ఇది ఎక్కడ అచ్చు వేయించారండి? పేరు కనబడదే?”

“పేడ పడింది సార్. ఊరు కదా, గేదెలు తిరుగుతుంటయ్.”

అధికారి రోడ్డు పొడుగునా చూశాడు. “అన్నింటి మీదా ఆ ఒక్క వరుస మీదే పడిందా? మీ ఊరి గేదెలకు చదువొచ్చాండి?”

సుభానీ టీకొట్టు వెనక్కి వెళ్లి నవ్వుకుని వచ్చాడు.

పోస్టర్లు పీకేస్తామంటే, పీకినవాటికీ జవాబు చెప్పాలన్నాడు అధికారి. రేపు మధ్యాహ్నానికల్లా అచ్చు వేసినవాళ్ల పేరు, ఊరు అన్నింటి మీదా చదవడానికి వీలుగా కనబడాలి, లేకపోతే కేసు పెడతానని చెప్పి జీపెక్కాడు. పేడ కడిగితే సిరా కూడా వచ్చేస్తోంది. మళ్లీ అచ్చు వేయించాలంటే మళ్లీ పైడమ్మ దగ్గరికే పోవాలి. ఇక దారి లేక, లారీల వెనక పేర్లు రాసే పెయింటరు బుడాన్‌ను పిలిపించారు.

“చిన్నగా రాయరా, అడుగున, కనబడీ కనబడనట్టు,” అన్నాడు అంకమ్మరావు.

“చిన్నక్షరాలు నా చెయ్యి ఎరగదండి. వెనకొచ్చే బండోడికి కనబడాలని నేర్పాడు మా గురువు. పైగా ఆఫీసరు గారు చదవటానికి వీలుగా అన్నాడంట కదండి.”

బుడాన్ ఎర్ర రంగు కలిపాడు. పోస్టరు అడుగున చోటు చాలదని గోడ మీదికే దిగిపోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి బస్టాండు, పాల కేంద్రం, బడి ప్రహరీ, జిన్నింగు మిల్లు గోడ, చివరికి అంకమ్మరావు ఇంటి ఎదురు గోడ, అన్నింటి మీదా జానెడు ఎత్తు అక్షరాల్లో పైడమ్మ పేరు వెలిగిపోయింది. ఖర్చు పెట్టింది అంకమ్మరావు. ఆమె సొంత పోస్టర్లు ఎక్కడున్నాయో ఎవరూ వెతుక్కోలేదు.

పైడమ్మ మాత్రం నవ్వలేదు. ఇల్లిల్లూ తిరుగుతూ, నవ్విన ప్రతివాడూ ఓటు వేయడని మొగుడితో అంది. ఆమె కాళ్లు రచ్చబండ దగ్గర ఆగాయి. అక్కడ పదిమంది మిర్చి రైతులు కూర్చుని ఉన్నారు. నమస్కారం పెట్టి, నీళ్ల మాట మొదలుపెట్టబోయింది. పేరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండమ్మా, నాకొకటి తేలట్లా. ఒరేయ్, ఆ గోడ మీద బుడాన్ రాసింది చదవండిరా ఎవరన్నా.”

ఒకడు చదివాడు. “పైడమ్మ, రేగడి ప్రెస్, రంగూన్ కాలనీ, పెదరేగడ్ల.”

“రాయించింది ఎవరు?”

“అంకమ్మరావు.”

“మరి అంకమ్మరావే ఊరి పేరు పెదరేగడ్ల అని రాయించె. పైనేమో పరాయి మనిషంటాడు. ఈ రెండింట్లో ఏది అబద్ధం?”

పేరయ్య తలపాగా దులిపి భుజాన వేసుకున్నాడు.

“నేను తిడితే ఈమె నా తిట్టు కూడా కాగితం మీద వేసింది. ఆయన తిడితే అదీ వేసింది. నీళ్లగొట్టం అడిగితే ఆయన ఏం వేశాడు? నేను బుట్టకేస్తున్నా. మీ ఇష్టం.”

పోలింగ్ రోజు కాలనీ ఆడవాళ్లు బిందెలు ఇళ్లలో పెట్టి వంతెన దాటి వచ్చారు. ఊరి ఆడవాళ్లు వాళ్లను వరుసలో ముందుకు రమ్మన్నారు. అది కూడా మొదటిసారే. బళ్లో లెక్కింపు పొద్దు గుంకేలోపే అయిపోయింది. పైడమ్మ మూడొందల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. డప్పులు వంతెన అవతల మొదలై వంతెన ఇవతల ఇంకా గట్టిగా మోగాయి. సుబ్బరావమ్మ బడి గేటు దగ్గర ఎదురుపడి పైడమ్మ చెయ్యి పట్టుకుంది.

“బతికించావు వదినా. గెలిస్తే ఆ సంతకాలన్నీ ఈయన నా చేత పెట్టించేవాడు. ఒక్క మాట, ఈసారి పోస్టరు వేస్తే నా బొమ్మ కాస్త పెద్దది వెయ్యి.”

గెలిచాక కూడా నీళ్లు వెంటనే రాలేదు. మండల ఆఫీసులో ఇంజనీరు, ఇదిగో అదిగో అంటూ నెలలు నెట్టాడు. సర్పంచి పైడమ్మ తిరిగి తిరిగి విసిగిపోయింది. చివరికి పత్రిక పైడమ్మ రంగంలోకి దిగింది. ఆ వారం ‘రేగడి వార్త’ పెద్ద శీర్షిక: ‘కాలనీకి నీళ్లేవి సర్పంచి గారూ?’ కింద తనను తాను తిట్టుకున్న తీరు చూస్తే అంకమ్మరావు పోస్టరు దాని ముందు శుభలేఖ. మాట ఇచ్చి కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నారని, ఇంజనీరు గారితో గట్టిగా మాట్లాడే ధైర్యం ఈమెకు లేదా అని రాసింది. ఇంజనీరు పేరు పూర్తిగా వేసింది.

“ఏమే, నీ మీద నువ్వే రాసుకుంటే నవ్విపోతారే,” అన్నాడు యలమంద.

“అందులో అబద్ధం ఏముంది? నీళ్లు వచ్చినయ్యా?”

ఆ కాగితమే పట్టుకుని ఆఫీసుకు వెళ్లి ఇంజనీరు బల్ల మీద పరిచింది.

“చూశారా సార్, నా గురించి ఎట్టా రాశారో. తల ఎత్తుకోలేకపోతున్నా. నాతోపాటు మీ పేరు కూడా లాగారు.”

ఇంజనీరు చదివాడు. ఇంకోసారి చదివాడు. “ఈ పత్రికవాళ్లు ఎవరండి, ఇంత ఘోరంగా రాస్తారు?”

“మహా మొండి మనిషంట సార్. వచ్చే వారం మీ మీదే రాస్తానంటోంది. నా మాట వినదు.”

గొట్టాలు ఆ నెలలోనే దిగాయి. వంతెన పక్కనే కందకం తవ్వుతుంటే ఊరివాళ్లు కూడా పారలు పట్టారు. పేరయ్య తన ట్రాక్టరు పంపాడు. నీళ్లు వదిలిన రోజు కాలనీ అంతా కుళాయి చుట్టూ చేరింది. ముందు గొట్టంలో గాలి బుసబుసమంది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు, తర్వాత తేటనీళ్లు. ఆ పూట కాలనీలో అన్ని ఇళ్లలోనూ పప్పే వండారు. మెత్తగా ఉడికిందని ఒకరి గిన్నె ఇంకొకరికి చూపించుకున్నారు. ఆ వారం పత్రికలో రెండే వాక్యాలు: ‘కాలనీకి నీళ్లు వచ్చాయి. ఆలస్యానికి సర్పంచి క్షమాపణ చెప్పాలి.’ పక్క పేజీలో సర్పంచి క్షమాపణ చెప్పింది కూడా.

రెండు వేల ఆరులో ఆమె మళ్లీ నిలబడింది. ఈసారి పోస్టర్లు వేయించుకోవడానికి ఆమె మీద పోటీ చేసినవాళ్లు గుంటూరు దాకా పోయారు. అయినా మళ్లీ గెలిచింది.

ఇవన్నీ కాగితం మీద పెట్టాక ఆఖరి ముక్క కోసం నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కాలనీ కుళాయి దగ్గర బిందె పెట్టి, పక్కన అరుగు మీద కూర్చుని ప్రూఫు దిద్దుకుంటోంది.

“నాయనమ్మా, చివర్లో ఒకటి రాయాలి. రంగూన్ పొమ్మంది, ఈ ఊరు చాలాకాలం రానియ్యలేదు. ఇప్పుడు నువ్వు ఏ ఊరిదానివని రాయను?”

ఆమె ప్రూఫు మీద నుంచి తల ఎత్తలేదు.

“పదో తరగతి తప్పినా బుద్ధి రాలేదురా నీకు. బిందె నిండి నీళ్లు రోడ్డు మీదికి పోతంటే ఏ ఊరని అడుగుతావేంది? పోయి కుళాయి కట్టెయ్.”